నొప్పి పోయింది, రాయి పోలేదు: కిడ్నీ స్టోన్‌తో నా 67 రోజులు

ఇది రాయాలని ఏప్రిల్ నుంచీ అనుకుంటున్నా గానీ మూడు నెలల స్కాన్ రిపోర్ట్ చేతికొచ్చేదాకా ఆగాను. మొన్న జులై 14న వచ్చింది. కిడ్నీలో రాళ్ళెందుకొస్తాయి, ఏం తినాలి, ఏం మానాలి అవన్నీ నేను చెప్పను. నాకు ఎప్పుడు ఏం జరిగింది, ఎన్ని రోజులు ఆగాను, ఆగకూడని చోట ఎలా ఆగాను అన్నది మాత్రం డేట్లతో సహా చెప్తా. అన్నీ మందుల కవర్ల వెనక రాసిపెట్టుకున్నా కాబట్టి డేట్లు కరెక్టే.

ఫిబ్రవరి 9, రాత్రి రెండున్నర. ఎడమ పక్క నడుం దగ్గర పట్టేసినట్టుంటే ఇటు తిరిగి పడుకున్నా, అటు తిరిగా, బోర్లా పడుకున్నా, లేచి హాల్లో అటూ ఇటూ తిరిగా, చివరికి బాత్రూం నేల మీద కూలబడ్డా. ఎలా ఉన్నా కుదురు లేదు. పది నిమిషాల్లో అది పక్కటెముకల కింద నుంచి గజ్జల్లోకి పాకింది, రెండు వాంతులయ్యాయి. ఇద్దరు పిల్లల్ని కన్నదాన్ని, ఆ నొప్పుల్లో మధ్యమధ్యలో ఊపిరి తీసుకునే టైమన్నా ఉంటుంది, దీంట్లో అదీ లేదు. మా ఆయన ముందు గ్యాస్ అనుకున్నాడు, నేను గోడకి తల ఆనించి మూలగడం చూశాక ఇంకేం మాట్లాడకుండా కారు తీశాడు.

క్యాజువాలిటీలో డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ ఇచ్చారు, ఓ అరగంటకి మనిషినయ్యా. యూరిన్ టెస్ట్‌లో రక్తం కనిపించింది. ముందు అల్ట్రాసౌండ్ చేస్తే ఎడమ కిడ్నీ కొంచెం వాచిందని తెలిసింది గానీ రాయి కనపడలేదు, కిడ్నీ నుంచి మూత్రాశయానికి వెళ్ళే నాళం మధ్యలో ఉన్నవి దాంట్లో తరచూ దొరకవట, పేగుల్లో గాలి అడ్డమొస్తుందట. సీటీ రాశారు. సీటీకి ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ చెయ్యాలన్నారు, తెల్లవారుజామున నాలుగింటికి ఆ నొప్పిలో ఆ మాట వినగానే నవ్వొచ్చింది నాకు, కానీ పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్ళకి అది మామూలుగా చేస్తారు కాబట్టి ఇంకోసారి శాంపిల్ ఇవ్వాలి, అప్పుడే వెళ్ళొచ్చి ఉంటే మాత్రం రాదు. అందుకని మొదటిసారే రెండు డబ్బాల్లో ఇచ్చేయండి. సీటీకి ఏ మందూ ఎక్కించలేదు, ఐదు నిమిషాల్లో అయిపోయింది. ఎడమ మూత్రనాళంలో మధ్య భాగంలో 7 ఎంఎం రాయి, అదే కిడ్నీలో అడుగున ఇంకోటి 5 ఎంఎం. కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష, క్రియాటినిన్ 0.8, నార్మల్.

పొద్దున పదికి యూరాలజిస్ట్ వచ్చారు. నేను ఆపరేషన్‌కి రెడీ అయిపోయి ఉన్నా, ఆయనేమో కుర్చీ లాక్కుని తాపీగా కూర్చున్నారు. "ఇప్పుడే తీసెయ్యొచ్చు, కొన్నాళ్ళు ఆగి కూడా చూడొచ్చు, రెండూ తప్పు కాదు" అన్నారు. జ్వరం లేదు, రెండో కిడ్నీ బాగుంది, మందుకి నొప్పి ఆగింది కాబట్టి ఆగే వెసులుబాటు నాకుందట. 5 ఎంఎం లోపు రాళ్ళయితే దాదాపు మూడింట రెండు వంతులు వాటంతటవే పడిపోతాయి, 5 నుంచి 10 మధ్యవి సగానికి సగం, అదీ నాళంలో కింద వరకు దిగినవైతే ఛాన్స్ ఎక్కువ, పైనున్నవైతే తక్కువ. నాది మధ్యలో ఆగింది, సైజూ మధ్యరకమే. "నాలుగు వారాలు చూద్దాం, మహా అయితే ఆరు, ఆపైన ఆగేది లేదు, కానీ రెండు వారాలకి స్కాన్‌కి రావాలి, చలి జ్వరమొచ్చినా మూత్రం ఆగిపోయినా మాత్రం అర్ధరాత్రయినా సరే వచ్చెయ్యాలి" అన్నారు.

ఇంకో మాట కూడా అన్నారట. నొప్పి తగ్గిపోయినా స్కాన్‌కి రావాల్సిందే అని. ఇంజెక్షన్ మత్తులో ఉన్నానేమో నాకైతే గుర్తు లేదు, తర్వాత చూస్తే చీటీ కింద ఆయన చేత్తోనే రాసి గీత కూడా కొట్టి ఉంది.

ఆపరేషన్ తప్పిందన్న సంతోషంలో ఇంటికొచ్చేశా. మందుల షాపులో ట్యామ్సులోసిన్ చీటీ చూసి ఆ అబ్బాయి "మీ నాన్నగారికాండీ?" అన్నాడు. నాకే అంటే చీటీ మళ్ళీ తిప్పి చూశాడు. ఇంటికొచ్చి లోపలి కాగితం చదివితే మొత్తం మగవాళ్ళ ప్రోస్టేట్ గురించే ఉంది, కంగారుపడి హాస్పిటల్‌కి ఫోన్ చేశా. అది నాళంలో కండరాన్ని కాస్త వదులు చేస్తుందని, రాయి జారడానికి ఆడవాళ్ళకి కూడా ఇస్తారని చెప్పారు. అందరికీ పనిచేస్తుందని గ్యారంటీ ఏం లేదు, నాళం కింది భాగంలో ఉన్న కాస్త పెద్ద రాళ్ళకి ఉపయోగం ఎక్కువట. రాత్రి పడుకునే ముందు వేసుకోండి, పొద్దున మంచం మీంచి ఒక్కసారిగా లేవకండి, నాకు రెండో రోజే కళ్ళు తిరిగి తలుపు పట్టుకుని నిలబడ్డా.

ఇక జాలీ సంగతి. రాయి పడితే పట్టుకుని ల్యాబ్‌కి ఇవ్వాలి కాబట్టి ప్రతిసారీ మూత్రం వడకట్టమన్నారు. టీ వడకట్టే జాలీ ఒకటి కొత్తది కొని బాత్రూంలో పెట్టా, పిల్లలు దాన్ని వంటింట్లోకి తీసుకెళ్ళకుండా హ్యాండిల్‌కి ఎర్ర రిబ్బన్ కట్టా, ఇంకోటి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకుని ఆఫీస్ బ్యాగులో వేసుకెళ్ళేదాన్ని. వారం రోజుల తర్వాత ఆఫీస్ బాత్రూంలో ఆ పని చెయ్యడం నావల్ల కాలేదు, మానేశా. ఆ మానెయ్యడమే తర్వాత నాకు సాకు అయింది.

ఎందుకంటే ఫిబ్రవరి 15 దాకా నొప్పి వస్తూ పోతూ ఉంది, రోజుకి ఒకసారో రెండుసార్లో, మాత్ర వేసుకుంటే గంటలో తగ్గేది. నీళ్ళు ఎక్కువ తాగితే రాయి కొట్టుకుపోతుందని ఎవరో అంటే రెండు రోజులు లీటర్లకి లీటర్లు తాగా, నొప్పి ఎక్కువైంది తప్ప రాయి కదల్లేదు, దారి మూసుకున్నప్పుడు అలా బలవంతంగా తాగి లాభం లేదని తర్వాత డాక్టరు కూడా చెప్పారు. 16న పొద్దున లేచేసరికి నొప్పి లేదు. 17న లేదు. 20 వచ్చినా లేదు. ఆఫీస్‌లో వడకట్టనప్పుడు ఎప్పుడో పడిపోయి ఉంటుందిలే అనుకున్నా. 24న స్కాన్ అపాయింట్‌మెంట్ ఉంది, అదే వారం మాకు ఆడిట్, పైగా పెద్దాడికి పరీక్షలు, ఫోన్ చేసి క్యాన్సిల్ చేశా. మళ్ళీ డేట్ అడగలేదు, వాళ్ళూ ఇవ్వలేదు.

మార్చి 10న అక్క ఫోన్ చేసింది. 

"రాయి కళ్ళతో చూశావా?"

"లేదక్కా, పడిపోయింది."

"చూడకుండా పడిపోయిందని ఎలా తెలిసిందే నీకు?"

నా దగ్గర జవాబు లేదు. నీతో కాదు అని ఫోన్ మా ఆయనకి ఇవ్వమని ఆయనతో మాట్లాడి 12కి అపాయింట్‌మెంట్ తీసుకునేలా చేసింది.

మార్చి 12, అంటే సరిగ్గా 31వ రోజు. అల్ట్రాసౌండ్ చేసే ఆవిడ మొదట్లో బాగానే మాట్లాడుతోంది, ఎడమ పక్కకి రాగానే మాటలు ఆపేసింది. ఊపిరి పీల్చి పట్టుకోండి అంది. ఇంకోసారి. ఇంకోసారి. జెల్లీ మళ్ళీ రాసింది. మూడోసారి ఊపిరి బిగబట్టినప్పుడే నాకు అర్థమైపోయింది. కిడ్నీ మొదటిసారి కంటే ఎక్కువ వాచింది. మళ్ళీ సీటీ. రాయి పడిపోవడం సంగతి అలా ఉంచండి, నెల రోజుల్లో ఒక్క సెంటీమీటరు కూడా జరగలేదు.

నొప్పి లేదు కదండీ, మరి ఎలా అని అడిగా. ఆయన కోప్పడలేదు, బొమ్మ గీసి చూపించారు. దారి మూసుకోగానే కిడ్నీలో ప్రెషర్ పెరిగి అది సాగుతుంది, ఆ సాగడమే నొప్పి. కొన్నాళ్ళకి ఆ పక్కకి రక్తం రావడం తగ్గి, కిడ్నీ మూత్రం తయారుచెయ్యడమే తగ్గించుకుంటుంది, ప్రెషర్ తగ్గుతుంది, నొప్పీ తగ్గుతుంది. అంటే నేను హాయిగా ఉన్నానని అనుకున్న మూడున్నర వారాలు ఆ కిడ్నీ పని మానుకుంటూ ఉందన్నమాట. మరి క్రియాటినిన్ నార్మలే ఉందిగా అన్నా, అప్పుడూ 0.9 ఏ ఉంది. రెండో కిడ్నీ బాగుంటే అది ఇద్దరి పనీ చేసేస్తుంది, రక్త పరీక్షలో ఏమీ తెలియదు అన్నారు. ఆ మాటకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, బయటికొచ్చాక మెట్ల మీద కాసేపు కూర్చుండిపోయా.

బయట నుంచి షాక్ వేవ్స్‌తో పగలగొట్టడం కుదరదా అని అడిగా, కత్తి, మత్తు ఏమీ ఉండవు కదా అని. సీటీలో రాయి గట్టితనం కూడా తెలుస్తుందట, హెచ్‌యూ అని ఒక నంబరుంటుంది, వెయ్యి దాటితే షాక్ వేవ్స్‌కి సరిగా పగలవు. నాది 1180. అందుకని లోపల్నుంచి స్కోప్ పెట్టి లేజర్‌తో చెయ్యాలన్నారు. డేట్ 18. ముందు యూరిన్ కల్చర్, అంటే మూత్రంలో క్రిములు పెరుగుతాయేమో చూసే టెస్ట్, రావాలి, దానికి రెండు మూడు రోజులు, ఇన్సూరెన్స్ అప్రూవల్‌కి ఇంకో రెండు రోజులు.

18 దాకా వెళ్ళలేదు. 15 సాయంత్రం ఐదింటికి చలి మొదలైంది, మామూలు చలి కాదు, రెండు దుప్పట్లు కప్పినా మంచం ఊగేంత వణుకు. జ్వరం 103. క్యాజువాలిటీకి వెళ్తే అక్కడున్న కుర్ర డాక్టరు వైరల్ ఫీవర్లు బాగా ఉన్నాయి అని పారాసెటమాల్ పెట్టించి బెంచీ మీద కూర్చోబెట్టాడు, దాదాపు గంటన్నర. తప్పు మాదీ ఉంది, జ్వరం, వణుకు అని చెప్పామే గానీ రాయి సంగతి ముందు చెప్పలేదు. మా ఆయన సీటీ రిపోర్ట్ తీసి టేబుల్ మీద పెట్టి "ఎడమ కిడ్నీకి రాయి అడ్డంపడి ఉందండీ" అనేసరికి సీన్ మొత్తం మారిపోయింది. పదినిమిషాల్లో రెండు చేతులకీ సెలైన్లు, రక్తం శాంపిళ్ళు, యాంటీబయోటిక్. బీపీ 86/50. మీకూ ఇలాంటిదుంటే గేటు దగ్గరే ఆ వాక్యం చెప్పండి, జ్వరం సంగతి తర్వాత చెప్పొచ్చు.

మూసుకుపోయిన కిడ్నీలో ఇన్ఫెక్షన్ వస్తే దానికి వెయిటింగ్ ఏమీ ఉండదు, ముందు ఆ చెడు నీరు బయటికి రావాలి, అయితే లోపల్నుంచి నాళంలోకి స్టెంట్ అనే సన్న గొట్టం వేస్తారు, లేదంటే వీపులోంచి నేరుగా కిడ్నీలోకి గొట్టం పెడతారు. నాకు రాత్రి పదకొండున్నరకి థియేటర్‌లోకి తీసుకెళ్ళి స్టెంట్ వేశారు. తెలివొచ్చాక నేనడిగిన మొదటి మాట "రాయి తీసేశారా?" 

"లేదమ్మా, ముట్టుకోలేదు."

అంత కోపం నాకు డాక్టర్ల మీద ఎప్పుడూ రాలేదు. మత్తిచ్చారు, లోపలికి వెళ్ళారు, ఆ పక్కనుంచే గొట్టం తోశారు, రాయిని మాత్రం అక్కడే వదిలేశారు! పొద్దున ఆయనొచ్చి చెప్పాక గానీ చల్లారలేదు. స్కోప్‌తో పని చెయ్యాలంటే నీళ్ళు ప్రెషర్‌తో వదులుతూ ఉండాలి, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు అలా చేస్తే క్రిములు నేరుగా రక్తంలోకి వెళ్తాయి, ప్రాణం మీదికొస్తుంది. ముందు ఇన్ఫెక్షన్ పూర్తిగా తగ్గాలి, రాయి పని ఆ తర్వాతే. ఒక రాత్రి ఐసీయూ, మూడు రోజులు వార్డు, 19న డిస్చార్జ్.

ఆ తర్వాత స్టెంట్‌తో గడిపిన రోజుల గురించి నాకు ముందుగా ఎవరూ సరిగా చెప్పలేదు, అందుకే ఇది కాస్త పెద్దగా రాస్తున్నా. జానెడు పైన పొడవుండే సన్నటి మెత్తటి గొట్టం, రెండు చివర్లా రింగు తిరిగి ఉంటుంది, ఒక రింగు కిడ్నీలో, ఇంకోటి మూత్రాశయంలో. ఆ కింది రింగు రోజంతా గీరుతూ ఉంటుంది. అరగంటకోసారి వెళ్ళాలి, వెళ్ళొచ్చినా ఇంకా ఉన్నట్టే ఉంటుంది, అయ్యే చివర్లో మంట, మంటతో పాటు నడుంలోకి వెనక్కి పోటు. ఆ పోటు రాగానే మళ్ళీ కిడ్నీకి ఏదో అయిందని భయపడి చచ్చా మొదట్లో, మూత్రం గొట్టంలోంచి కొంచెం పైకి తన్నుతుందట, అంతే. ఇంట్లో నాలుగడుగులు ఎక్కువ వేసినా, బరువెత్తినా మూత్రం ఎర్రగా వచ్చేది, పడుకుంటే మళ్ళీ తేటగా. మొదటిసారి ఆ ఎరుపు చూసి మా ఆయన్ని ఆఫీస్ నుంచి పిలిపించేశా. అదే ట్యామ్సులోసిన్ మళ్ళీ, దాంతో పాటు మూత్రాశయం బిగుసుకోకుండా ఇంకో మాత్ర, దాంతో నోరెండిపోయేది. రాత్రి నాలుగుసార్లు లేచే బదులు పడుకునే ముందు రెండు గంటలు నీళ్ళు తగ్గించి ఆ కోటా పగలే తాగెయ్యడం అలవాటు చేసుకున్నా. ఇదంతా అందరికీ ఇంతలా ఉండదట, పక్క బెడ్ ఆవిడ స్టెంట్‌తోనే స్కూటీ నడిపిందట, నేను చూస్తే కుర్చీలో కూర్చోలేకపోయా.

నిద్రపట్టని ఆ రాత్రుల్లోనే ఫోన్‌లో చదవడం మొదలుపెట్టా. బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ 2019లో ఇచ్చిన గైడ్‌లైన్‌లో, నొప్పి భరించలేనిదిగా కొనసాగుతున్నా రాయి తనంతట తాను పడేలా లేకపోయినా 48 గంటల్లోపే తీసెయ్యడమో పగలగొట్టడమో చెయ్యాలని ఉంది. అమెరికా యూరాలజీ వాళ్ళేమో చిక్కులేమీ లేకపోతే నాలుగు నుంచి ఆరు వారాలు చూడొచ్చంటున్నారు. మరి నాకు మొదటిరోజే తీసేసి ఉంటే ఇదంతా ఉండేది కాదుగా అని ప్రింట్ తీసుకుని రివ్యూకి వెళ్ళా, గొడవపడదామనే వెళ్ళా. ఆయన చదివి "మీరు మొదటి రోజు ఆ రెంట్లో దేంట్లోనూ లేరు, మందుకి నొప్పి ఆగింది, రాయి పడే ఛాన్స్ సగం ఉంది. నాలుగు వారాలు ఆగడం వరకు ఓకే, మధ్యలో స్కాన్ లేకుండా ఆగారు చూడండి, కొంప మునిగింది అక్కడే" అన్నారు. ఫిబ్రవరి 24న స్కాన్‌లో రాయి కదల్లేదని తెలిసి ఉంటే అప్పుడే డేట్ ఇచ్చేవాళ్ళట. నేను ప్రింట్ మడిచి బ్యాగులో పెట్టేసుకున్నా. రిమైండర్ ఫోన్ కాల్ ఒకటి చేసుంటే బాగుండేదని మాత్రం అన్నా, దానికి ఆయన కూడా ఔననే అన్నారు.

ఏప్రిల్ 1న కల్చర్ మళ్ళీ ఇచ్చా, ఏమీ పెరగలేదు. ఏప్రిల్ 7 పొద్దున ఎనిమిదికి అసలు ఆపరేషన్, పూర్తి మత్తు. ఒంటి మీద కోత ఏమీ లేదు. 23 రోజులు స్టెంట్ ఉండటం వల్ల నాళం వెడల్పయి స్కోప్ ఈజీగా వెళ్ళిందట, అన్నాళ్ళు నేను తిట్టుకున్న గొట్టం ఆ పని చేసి పెట్టింది. కొందరికైతే మొదటిసారి నాళం సన్నగా ఉండి స్కోప్ ఎక్కక, స్టెంట్ వేసి వెనక్కి పంపి రెండు మూడు వారాల తర్వాత మళ్ళీ రమ్మంటారు, కాబట్టి ఒక్క సిటింగ్‌లో అయిపోతుందని లీవ్ గట్టిగా ప్లాన్ చేసుకోకండి. పని గంటా పది నిమిషాలు పట్టింది, వంగే స్కోప్‌తో కిడ్నీలోకి వెళ్ళి అడుగునున్న 5 ఎంఎం రాయిని కూడా పొడి చేసేశారు. ముక్కలు చిన్న సీసాలో పెట్టి చూపించారు. నన్ను రెండు నెలలు ఏడిపించింది ముదురు గోధుమ రంగులో, ఇసుక కంటే కొంచెం పెద్దగా, సీసా అడుగున చెంచాలో పావు వంతు కూడా లేదు.

ఆపరేషన్ వల్ల నాళానికి వచ్చే వాపు తగ్గేదాకా ఇంకో కొత్త స్టెంట్. ఒక రాత్రి క్యాథెటర్, అంటే మూత్రం పోయే గొట్టం, మర్నాడు ఇంటికి. ఏప్రిల్ 17న దాన్ని తీశారు, మత్తు లేదు, లోపల జెల్లీ రాసి కెమెరాతో వెళ్ళి పట్టుకుని లాగారు, రెండు నిమిషాలు. "ఒకసారి దగ్గండి" అన్నారు, దగ్గేసరికి వచ్చేసింది. ఇక అయిపోయిందని కారెక్కితే రెండు గంటలకి మళ్ళీ ఫిబ్రవరి 9 నాటి నొప్పి! స్టెంట్ తీశాక నాళం బిగుసుకుని అలా కొంతమందికి వస్తుందని ముందే చెప్పి ఉంటే అంత ఏడ్చేదాన్ని కాదు. మాత్ర వేసుకున్నా, సాయంత్రానికి పోయింది, మళ్ళీ రాలేదు. కాబట్టి స్టెంట్ తీయించుకునే రోజు ఆఫీస్ పెట్టుకోకండి, మాత్ర బ్యాగులో ఉంచుకోండి. ఇంకోటి, స్టెంట్ వేసిన డేట్, తీయాల్సిన డేట్ మీరే రాసి పెట్టుకోండి, మర్చిపోయి నెలలకి నెలలు వదిలేస్తే దాని మీదే రాయి పేరుకుని అదో పెద్ద ఆపరేషన్ అవుతుందట. అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చేసి మర్చిపోయిన నాలాంటి వాళ్ళకి ఇది బాగా వర్తిస్తుంది.

ఖర్చు విషయానికొస్తే, మొదట్లోనే చేయించుకుని ఉంటే ఒక అడ్మిషన్, ఒక థియేటర్, ఒక స్టెంట్. నాకు రెండు అడ్మిషన్లు, రెండు థియేటర్ బిల్లులు, రెండు స్టెంట్లు, ఒక రాత్రి ఐసీయూ, రెండు సీటీలు, యాంటీబయోటిక్ ఇంజెక్షన్లు. అన్నీ కలిపితే మొదట చెప్పిన ఎస్టిమేట్‌కి రెండింతలు పైనే అయింది. ఎస్టిమేట్‌లో లేజర్ ఫైబర్, వంగే స్కోప్ వాడకం విడిగా వేస్తారేమో ముందే అడగండి, మాకు డిస్చార్జ్ రోజు తెలిసింది. స్టెంట్ తీయడం కూడా వేరే బిల్లే. ఇన్సూరెన్స్ వాళ్ళు రెండో అడ్మిషన్‌కి మొదటి డిస్చార్జ్ సమ్మరీ అడిగారు, దాంట్లో "రాయి తర్వాత తీయబడును" అన్న లైను ఉండబట్టి సరిపోయింది, లేకపోతే ఒకే రాయికి రెండుసార్లు ఎందుకని పట్టుకునేవాళ్ళే. లీవులు 19 రోజులు పోయాయి.

మే 27న అల్ట్రాసౌండ్‌లో కిడ్నీ వాపు తగ్గింది. రాయి ముక్కల రిపోర్ట్ కూడా అప్పుడే ఇచ్చారు, కాల్షియం ఆక్సలేట్ మోనోహైడ్రేట్, గట్టి రకం. జులైలో ఏ కిడ్నీ ఎంత పని చేస్తోందో చూసే రీనోగ్రామ్ అనే స్కాన్ చేశారు, చేతికి ఇంజెక్షన్ ఇచ్చి కెమెరా ముందు అరగంట కదలకుండా పడుకోబెడతారు. ఎడమది 41 శాతం, కుడిది 59. ఇది ఆ నెల రోజుల వల్లేనా అని అడిగా. ముందు ఎంత ఉండేదో మన దగ్గర లెక్క లేదు కాబట్టి చెప్పలేనన్నారు. 41 అంటే బాగానే ఉన్నట్టు, బాధపడొద్దన్నారు. నేనైతే ఆ కాగితాన్ని ఇప్పటికే పదిసార్లు చూసి ఉంటా.

రోజుకి రెండు, రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేంత నీళ్ళు తాగమన్నారు, మొదటి రెండు రోజులు కొలిచి చూసుకున్నా, నేను అనుకున్న దానికంటే చాలా ఎక్కువ తాగాల్సొచ్చింది. తర్వాతి స్కాన్ అక్టోబర్ 14. డేట్ నా ఫోన్‌లో పెట్టుకున్నా, మా ఆయన ఫోన్‌లో పెట్టా, అక్క తన ఫోన్‌లో తనే పెట్టుకుంది.